ఒక లారీ, రెండూళ్ళు

మదనపల్లె మార్కెట్ యార్డు దగ్గరికి రాగానే బస్సు కిటికీలు టపటపా మూసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అంత భరించలేని వాసనేముంది అందులో? మొన్న సమీక్షా సమావేశానికి వెళ్తూ నేను కావాలనే కిటికీ తెరిచి కూర్చున్నాను. ముందురోజు వాన పడినట్టుంది. చితికిన టమోటాలు, తడిసిన గోనె సంచులు, లారీల పొగ అన్నీ కలిసి పుల్లగా ముక్కుకు కొట్టాయి. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపు ఉరిమి చూసింది. చూస్తే చూసుకోనీ. ఆ పులుపు తగిలినప్పుడల్లా నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. గుర్తొచ్చారంటే ఇక స్థిమితం ఉండదు, పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయి వచ్చినట్టు లోపల పీకుతూ ఉంటుంది. ఆ రోజు సమావేశంలో ఎండతో కరెంటు, కరెంటుతో పరిశ్రమ, పరిశ్రమతో ఉద్యోగం అని తెర మీద బాణాలు గీసి చూపిస్తున్నంతసేపూ నేను కుర్చీలో మెసులుతూనే ఉన్నాను. ఆ బాణాలు తప్పని నేననను. వాటిని నమ్మబట్టే ఈ ఉద్యోగంలో ఉన్నాను. కానీ ఆ బాణాల వెంట ఒక మనిషి చెప్పులరిగేలా తిరిగారని ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మనిషి గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నా పేరు రెడ్డిరాణి. సదుం పక్కన ఒక పల్లె మాది. మా అమ్మానాయనలు కూలికి పోయేవాళ్ళు. టమోటా కోతలు, చెనక్కాయ పీకుడు, ఏ పనీ లేని ఎండాకాలంలో బెంగుళూరుకు పోయి కాంక్రీటు మోత. నన్ను మాత్రం పుంగనూరులో డిగ్రీ దాకా చదివించారు. చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, అయినదానికీ కానిదానికీ అమ్మ మీద అరుస్తూ నేను ఇంట్లో కూర్చున్న రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం ఒక కొత్త విధానం తెచ్చింది. వాతావరణం మారిపోయిందని నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోకుండా, ఆ మార్పును తట్టుకునే పనుల్లోంచే పల్లెలకు ఆదాయం పుట్టించాలన్నది దాని సారాంశం. మందులు లేని సేద్యం, ఎండతో నడిచే మోటార్లు, పండిన చోటే పంటను సరుకుగా మార్చడం, ఇలా చాలా ఉన్నాయందులో. మా వైపుకు అది సోలార్ డ్రయ్యర్ల రూపంలో వచ్చింది. వెలుతురు దిగే మందపాటి షీటు కప్పిన చిన్న గుడారం లాంటిది డ్రయ్యరంటే. లోపల తట్టల్లో టమోటా ముక్కలు పేరిస్తే దుమ్ము పడకుండా, చినుకు తగలకుండా ఎండుతాయి. కట్టెల ఖర్చు లేదు, కరెంటు బిల్లు లేదు. మహిళా సంఘం ఆ యూనిట్‌ను నడుపుతుంది, ఎండిన ముక్కలను బెంగుళూరులో ఒక కంపెనీ కొంటుంది. సంఘానికి తోడుగా చదువుకున్న అమ్మాయి ఒకరు కావాలంటే నేను మదనపల్లె ఆఫీసుకు వెళ్ళాను.

అక్కడ నాలాంటి వాళ్ళు వరండా నిండా ఉన్నారు. లోపల అధికారి కుర్చీ ఖాళీగా ఉంది. అందులో మనిషి కూర్చుని ఉండగా నేను తర్వాత కూడా పెద్దగా చూడలేదు. ఆ కుర్చీ సుగుణ మేడందే, ఆమె ఎప్పుడూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవారు. టీ నిలబడే తాగేవారు, ఫైళ్ళు నిలబడే చదివేవారు, ఎవరైనా కూర్చోమంటే "కూసుంటే నిద్రొస్తాది" అనేవారు. బక్కపలచని మనిషి. గంజి పెట్టిన నూలు చీర, భుజాన గుడ్డ సంచి, కుప్పం వైపు యాస. భర్త చిన్న వయసులోనే పోయారని, పిల్లలు లేరని ఆఫీసులో వాళ్ళు చెప్పగా విన్నాను. మా ఇంటర్వ్యూలు ఆ గదిలో జరగలేదు. ఒక్కొక్కరినీ పిలిచి మార్కెట్ యార్డు దాకా నడిపించుకుంటూ మాట్లాడారు. నా వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

"ఏం సదివినావు పాపా?"

"బీకాం మేడం."

"ఎండలో నిలబడతావా?"

ఆకలి మీదున్నానేమో, నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా అమ్మా నాయనా ఎండలో నిలబడి నన్ను నీడలో కూసోబెట్టి సదివించినారు మేడం. మళ్ళా ఎండలోకే పొమ్మంటారా?" అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. మేడం టక్కున ఆగి, నా మొహంలోకి చూసి, పగలబడి నవ్వారు.

"నోరుండాది నీకు. ఈ పనికి కావాల్సింది అదే. సోమవారం వచ్చెయ్."

యార్డు గేటు పక్కన ఒక రైతు తన టమోటా బాక్సులను మురికి కాలవలోకి వంచుతున్నాడు. రేటు బండి బాడుగకు కూడా రాని రోజులవి. మా వైపు పుట్టినవాళ్ళకు అది కొత్త దృశ్యం కాదు. నేను చూసీ చూడనట్టు దాటిపోబోతుంటే మేడం నా జబ్బ పట్టుకుని ఆపారు. "సూడు. ఈయప్ప పారబోస్తాండేది టమోటా అనుకుంటాండావా? బోరు నీళ్ళు పాపా. వెయ్యడుగుల కిందినించి తోడిన నీళ్ళు. వానలు మన చేతిలో లేవు, సరే. తోడిన నీళ్ళన్నా కాలవలో పోకుండా సూసుకోవల్ల గదా? మీటింగుల్లో వాతావరణం మారిపాయ, మారిపాయ అని ఏడ్సేది ఇని ఇని ఇసుగొచ్చేసింది నాకు. ఇన్నాళ్ళకు ఎవురో తెలివిగా, మారినదాంట్లోనే పని ఎతుక్కోండి అన్నారు. ఆ ఒక్క మాట కోసరం ఈ పథకాన్ని ఇంత దూరం మోస్తాండాను" అన్నారు. అప్పట్లో నాకు సగమే అర్థమైంది. ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో ఆ సగం కూడా సరిగా వినలేదు.

మా ఊళ్ళో యూనిట్ మొదలైంది. సంఘానికి పెద్ద ఈశ్వరమ్మక్క. మనసులో మాట నోట్లో ఆగే రకం కాదు. మొదటి నెలంతా యూనిట్‌కు పెళ్ళివారి విడిది కళ వచ్చింది. ఆ అధికారి, ఈ అధికారి, టీవీ వాళ్ళు, పక్క మండలాల వాళ్ళు, ఎవరో ఒకరు వచ్చి డ్రయ్యర్ల ముందు నిలబడి ఫోటోలు దిగేవారు. ఆ మధ్యలో ఒకరోజు నేను ప్యాకింగ్ కవర్లకని పుంగనూరు వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చాను. చూద్దును కదా, డ్రయ్యర్లన్నిటికీ పాత చీరలు కప్పి, గాలికి లేవకుండా తాళ్ళతో బిగించి కట్టి ఉన్నాయి. నారింజ రంగుది ఒకటి, పూల చీర ఒకటి, మా అమ్మ పాత నీలం చీర ఒకటి. ఒక చీర ఎత్తి చూస్తే లోపల ముక్కలు చెమటపట్టి, మెత్తబడి, అంచుల్లో తెల్లగా బూజు పట్టడం మొదలైంది. కంపెనీకి నమూనా పంపాల్సిన సరుకది. అంతకుముందు రోజే కప్పారట. నేను చూసుకోలేదని కాదు, నేను ఇంటికి పోయాక కప్పి, పొద్దున నేను బస్సెక్కేదాకా ఎవరూ నోరు విప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. మరుసటి రోజు మేడం వచ్చారు.

"ఏందమ్మా ఇది, డ్రయ్యర్లకి సీరలు కట్టబెట్నారు? పెండ్లా, శ్రీమంతమా?"

ఈశ్వరమ్మక్క తడబడలేదు. "దిష్టి మేడమ్మా. వచ్చినోళ్ళంతా నోరు తెరుసుకోని సూస్తాండారు. ఆ కళ్ళు ఊరికే పోతాయా? సంఘంలో ఇద్దరికి జొరం తగిలె. మిద్దె మింద వడియాలు పెట్టినా సీర కప్పేది మాకు అలవాటే గదా."

మేడం గోడకు చెయ్యి ఆనించి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, ఎండ లోపలికి దిగకపోతే ఏమవుతుందో బూజు పట్టిన తట్ట చూపించి కోపంగానే చెప్పారు. కానీ దిష్టి లేదని మాత్రం ఆమె ఒక్క మాట అనలేదు. నన్ను సదుం పంపి బూడిద గుమ్మడికాయ తెప్పించి, తానే స్టూలెక్కి యూనిట్ గుమ్మానికి కట్టారు. "దిష్టంతా ఇది సూసుకుంటాది. సీరలు ఇంటికి తీసకపోండి" అన్నారు. చీరలు ఆ పూటే దిగిపోయాయి, మళ్ళీ ఎన్నడూ ఎక్కలేదు. తర్వాత తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఆ గుమ్మడికాయను చూసి మొహం చిట్లించాడు.

"ప్రభుత్వ యూనిట్‌కు ఇదేం అలంకారమమ్మా?"

"మీరు బోర్డు కట్టినారు సార్, వాళ్ళు గుమ్మడికాయ కట్టుకున్నారు. గుమ్మడికాయ కట్టినాకే పని జరగతాండాది" అన్నారు మేడం, ఏమాత్రం తొణకకుండా. ఆయన మాట మార్చి, ఈ యూనిట్ వల్ల కరెంటుకు కాల్చే బొగ్గు ఎంత మిగిలిందో లెక్క చెప్పమన్నాడు. "బొగ్గు లెక్క పంపిస్తాను సార్. ముందు ఈళ్ళను సూడండి. పోయినేడు ఈ నెలలో బెంగుళూరులో ఇటికలు మోస్తాండారు, ఈ ఏడు ఇంట్లో పండుకోని లేసి పనికి వస్తాండారు" అని మా అమ్మను, ఈశ్వరమ్మక్కను ముందుకు తోశారు. మా అమ్మ సిగ్గుపడి తట్ట వెనక్కి దాక్కుంది. జీవితంలో మొదటిసారి ఆ ఎండాకాలం అమ్మ మాతోనే ఉంది.

మరుసటి ఏడు కంపెనీ పెద్ద ఆర్డరు ఇచ్చింది. ఊరి రైతులంతా ముందే అనుకున్న రేటుకు యూనిట్‌కే టమోటా పోస్తామని నారు నాటకముందే ఒప్పుకున్నారు. ఆ ఆర్డరుకు సరుకు అందించలేకపోతే యూనిట్ విఫలమైనట్టు లెక్క, డ్రయ్యర్లు వేరే ఊరికి పోతాయి. ఈ సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సరిగ్గా మా పంట చేతికొచ్చే వేళకు వేరే రాష్ట్రాల్లో వానలు ముంచెత్తి అక్కడి తోటలు పోయాయి. మదనపల్లె మండీలో రేటు రోజు రోజుకీ ఎగిసింది. మా వైపు వాళ్ళకు టమోటా ఒక పిచ్చి. ఎన్ని ఏళ్ళు చేతులు కాల్చుకున్నా ఆ ఒక్క ఏడాది వస్తుందనే మళ్ళీ నాటుతారు. ఆ ఏడాది రానే వచ్చింది. తెల్లారేసరికి ఊళ్ళో బాక్సులన్నీ మండీ దారి పట్టాయి. మా నాయన గుత్తకు చేస్తున్న మడిలో కోసినవి కూడా వెళ్ళిపోయాయి.

"నువ్వేమన్నా అనుకో పాపా. ఈ ఏడు ఇడిస్తే మళ్ళా నా జన్మలో రాదు" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుంటూ. యూనిట్‌లో తట్టలన్నీ బోర్లించి ఉన్నాయి. నేను వాటి మధ్య తిరుగుతూ కనిపించినవాళ్ళనల్లా తిట్టుకుంటూ మేడానికి ఫోన్ చేశాను. ఆమె వచ్చి నాలుగు దులిపితే ఊరు దారికొస్తుందని నా ఆశ. సంఘం వాళ్ళందరినీ పిలిపించారు మేడం.

"ఎవురెవురు మండీకి తోలినారు?"

చివరకు ఈశ్వరమ్మక్క ముందుకొచ్చింది. "అందరమూ తోలినాము మేడమ్మా. నేనూ తోలినాను. తిట్టినా పడతాము."

"యాల తిట్టల్ల? ఇన్నేండ్లు కాలవలో పారబోస్తా ఉంటే మిమ్మల్ని అడిగిన నాథుడు లేడు. ఈ ఒక్క ఏడు దేవుడు కన్ను తెరిస్తే నేనొచ్చి అడ్డం పడతానా? తోలండి. సేన్లో ఉండేదంతా తోలండి."

వాళ్ళు నమ్మలేనట్టు చూశారు. అందరూ వెళ్ళేదాకా కూడా ఆగలేదు నేను. "మీకేం మేడం, నెల తిరిగితే జీతం వస్తాది. డ్రయ్యర్లు పోతే మళ్ళా బెంగుళూరు పోయేది మా అమ్మ!" అని గట్టిగా అరిచాను. మేడం అరవనిచ్చారు. "అరుసు పాపా, నీ కోపం న్యాయమే. అయితే కంపెనీ వాళ్ళకు నిజం సెప్పు. సరుకు సెడిపాయనని, జబ్బు పడితినని కతలు సెప్పొద్దు. రేటొచ్చింది, అమ్ముకున్నారు అని సెప్పు" అన్నారు. చెప్పాను. కంపెనీ ఆర్డరు రద్దు చేసుకుంది. మేడం రాజధాని దాకా పోయి వాదించి వచ్చారు. మంచి ఏడాది రైతు చేతులు కట్టేస్తే చెడ్డ ఏడాది వాడు మన దగ్గరికి రాడని, ఈ పథకం పెట్టిందే చెడ్డ ఏడాదికి కదా అని ఆమె వాదన. ఎవరూ వినలేదు. డ్రయ్యర్లు విప్పి, జాబితాలో తర్వాతున్న ఊరికి పంపమని ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాతున్న ఊరు కుప్పం దగ్గర మేడం పుట్టినూరు.

ఇంకేముంది, ఊరు భగ్గుమంది. "ఓహో, దీనికా తోలండి తోలండి అనింది! పుట్టింటికి మోసకపోయేదానికా!" అని ఈశ్వరమ్మక్క లారీ ముందే, మేడం మొహం మీదే అనేసింది. కూలీలు షీట్లు విప్పి, గొట్టాలు కట్టి లారీకి ఎత్తుతుంటే మా అమ్మ తట్టలు తుడిచి ఒక్కొక్కటే అందించింది. పోయేవాటిని ఎందుకు తుడుస్తున్నావని అడిగితే, "ఇంగొకరు వాడుకునేవి గదమ్మా" అంది. లారీ బయల్దేరే ముందు మేడం నన్ను పిలిచి, "నువ్వూ ఎక్కు. దగ్గరుండి అప్పజెప్పి రావల్ల" అన్నారు. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం దారి పట్టాం. డ్రైవరు మా మొహాలు చూసి పాటలు కట్టేశాడు.

ఆ ఊళ్ళో షెడ్డుకు సున్నం కొట్టి, గుమ్మానికి మామిడాకులు కట్టి, నేల అలికి ముగ్గేసి పెట్టారు. అక్కడి ఆడవాళ్ళు రోజూ కోడి కూయకముందే లేచి కుప్పం స్టేషన్లో రైలెక్కి బెంగుళూరులో పనికి పోయి, పొద్దుగూకాక ఇల్లు చేరేవాళ్ళు. ఆ రోజు పని మానుకుని హారతి పళ్ళెంతో లారీ కోసం నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు మునెమ్మ, మేడం అన్న భార్య, ఆ ఊరి సంఘం పెద్ద. మేడం లారీ దిగి, హారతి పట్టబోతున్న మునెమ్మ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయారు. నీళ్ళు తాగడానికి వెనకే వెళ్ళిన నేను వసారాలోనే ఆగిపోయాను.

"వదినా, నువ్వు తిట్టినా సరే, కొట్టినా సరే. ఈటిని దింపుకోవద్దు."

మునెమ్మ నవ్వింది. "ఏందిమే సుగుణా, ఎండకు తల తిరిగిందా?"

"ఆ ఊరోళ్ళు తప్పు సెయ్యలేదు వదినా. రేటొస్తే అమ్ముకున్నారు. దానికి శిక్షేసి లాక్కోనొస్తే, ఇంగ ఏ గవర్మెంటు ఏం తెచ్చినా నమ్మరు. ఆడోళ్ళంతా మళ్ళా బెంగుళూరు పోతారు."

"మరి మేము దినామూ పోయేది యాడికి? తీర్థయాత్రకా?"

"ఇంతవరకు అందనోళ్ళు ఇంకొన్నాళ్ళు కాసుకుంటారు వదినా. ఇచ్చి లాక్కుంటే మాత్రం వాళ్ళు మళ్ళా సెయ్యి సాపరు. మీకు ఇంకొకటి తెస్తాను. నేనే తెస్తాను."

"ఎప్పుడు?"

మేడం ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. మునెమ్మ చేతులు విడిపించుకుంది. లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, "బయట ఉండేవాళ్ళకు నువ్వే సెప్పుకో. నా నోటితో నేను సెప్పలేను" అంది.

మేడం బయటికొచ్చి చెప్పారు. అరకొర తమిళం కలిసిన వాళ్ళ మాటలోనే, చేతులు కట్టుకుని చెప్పారు. ఒక ముసలావిడ "పుట్టినూరికి పెట్టేది పోయి, నోటికాడ కూడు తీసకపోయే ఆడబిడ్డను ఇప్పుడే సూస్తాండాము" అని మెటికలు విరిచింది. ఒక చిన్న వయసు అమ్మాయి గట్టిగా ఏడుస్తూ మామిడాకులు తెంపి పారేసింది. ఎంత తిట్టినా చివరికి మునెమ్మ మొహం చూసి సరేనన్నారు. మేడం ఆఫీసుకు ఫోన్ చేశారు. "సార్, ఈ ఊరోళ్ళు మాకొద్దంటాండారు. లారీ ఈడనే నిలబడుండాది. సామాను యాడ దింపల్ల?" అవతలి గొంతు అరుపు నాకు కూడా వినిపించింది. ఆ అరుపు చివర, తెచ్చిన చోటే దింపి చావమన్న మాట కూడా వినిపించింది. మునెమ్మ మమ్మల్ని ఊరికే పంపలేదు. డ్రైవరుతో సహా అందరికీ సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. మేడం ఆ రోజు కూర్చుని, తల ఎత్తకుండా తిన్నారు.

తిరుగు దారిలో నేను ఊరుకోలేకపోయాను. సంతోషపడాల్సింది పోయి కోపం తన్నుకొచ్చింది. "మీ వదినకు అన్యాయం చేసినారు మేడం" అన్నాను.

"సేసినాను. మొన్న మీ ఊరికి అన్యాయం జరిగిందని ఏడిస్తివి. ఈ పొద్దు వాళ్ళ కోసరం ఏడస్తాండావు. రెండూ నిజమే. ఉండేది ఒక లారీ, ఊళ్ళు రెండు. నేను సేసింది సరో తప్పో నాకూ తెలీదు పాపా" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

లారీ మా ఊరికి తిరిగొచ్చినప్పుడు ఈశ్వరమ్మక్క రోడ్డు మీదే నిలబడి ఉంది. మేడం కాళ్ళకు దండం పెట్టబోతే మేడం కసిరి, "ముందు సామాను దింపండి, బిన్నే, పొద్దుపోతాండాది" అన్నారు. ఆ తర్వాతి ఏడు టమోటా రేటు మళ్ళీ పాతాళానికి పోయింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలవల్లో పారబోస్తుంటే మా ఊరి బాక్సులు మాత్రం యూనిట్ ముందు వరస కట్టాయి. ఎవరూ పిలవకుండానే వచ్చారు. మేము రాత్రనక పగలనక కోశాం, పేర్చాం, ఎండబెట్టాం. ఆర్డరు రద్దు చేసిన కంపెనీ మళ్ళీ తానే ఫోన్ చేసింది, ఆ రోజు నిజం చెప్పారు కాబట్టే మళ్ళీ మీ దగ్గరికొచ్చామన్నారు. నిమ్మనపల్లె నుంచి, పెద్దమండ్యం నుంచి సంఘాలు వచ్చి చూసి వెళ్ళి తమ ఊళ్ళకూ తెప్పించుకున్నాయి. మా అమ్మ ఇప్పుడు నెల జీతం తీసుకుంటుంది, నాయనతో గొడవ పడితే నా డబ్బు నా ఇష్టం అంటుంది. ఈ పథకాన్ని ఎవరైనా కాగితాల ముచ్చట అంటే నేను కయ్యానికి పోతాను. నా కళ్ళముందు మా ఊరు తేరుకుంది.

మేడానికి మాత్రం మెమో వచ్చింది, ఫీల్డు నుంచి తీసి మూలన ఒక బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆ మనిషిని కూర్చోబెట్టడం కంటే పెద్ద శిక్ష ఏముంది? అక్కడినుంచే పుట్టినూరి కోసం మళ్ళీ మళ్ళీ రాసేవారు. ప్రభుత్వం మారితే పథకం పేరు మారేది, పేరు మారితే మొదటినుంచి రాయాలి. సోలార్ పార్కులకు వేల ఎకరాలు ఒక్క సంతకంతో దొరికేవి, ఆ ఊరి షెడ్డుకు మాత్రం ఎప్పుడూ ఏదో ఒక కొర్రీ. రిటైరయ్యాక ఉండటానికి ఇల్లు లేక ఆమె ఆ ఊరికే వెళ్ళారు. మునెమ్మే రమ్మంది. ఊళ్ళో కొందరు చివరిదాకా ఆమెతో మాట్లాడలేదట. పోయినేడు ఆమె అక్కడే కన్నుమూశారు. అప్పటికి నేను యూనిట్ నుంచి మేడం శాఖలోకే ఎదిగి, బదిలీ మీద కుప్పం వచ్చి కొంతకాలమైంది, ఆమె చేసిన ఉద్యోగమే నేను చేస్తున్నాను. ఆమె చేసింది సరేనా అని నన్నెవరైనా అడిగితే చెప్పలేను. మా ఊరికి పోయి అమ్మను చూస్తే సరే అనిపిస్తుంది. తెల్లవారుజామున కుప్పం ప్లాట్‌ఫారం మీద నిద్రకళ్ళతో నిలబడ్డ ఆ ఊరి ఆడవాళ్ళను చూస్తే నోరు పెగలదు.

మేడం పెద్దకర్మ రోజు వచ్చినవాళ్ళంతా తిని వెళ్ళిపోయాక మునెమ్మ నా పక్కన కూర్చుంది. చూపు తగ్గింది, నడుం వంగింది. కోడలు ఆ రోజు కూడా రైలుకు పోయిందని చెప్పింది.

"మీ ఊరి ఆడోళ్ళు బాగుండారా?"

"బాగుండారమ్మా."

"మా సుగుణ కాసుకోమనె. కాసుకుంటామంటిమి, కాసుకుంటిమి. ఆమె పాయ. ఇంగ మేము ఎవురిని అడగల్ల?"

ఏ కార్యాలయం పేరు చెప్పాలో, ఏ అధికారి పేరు చెప్పాలో ఒక్క క్షణం వెతుక్కున్నాను. తర్వాత సిగ్గేసింది.

"నన్నే అడుగమ్మా" అన్నాను.

"అట్లయితే నీ నంబరియ్యి."

మనవడి చేత నంబరు ఎక్కించుకుంది. అప్పటినుంచి వారం తప్పకుండా ఫోన్ చేస్తుంది. ఆరోగ్యం, వాన, పిల్లల కబుర్లు ఏవీ ఉండవు. ఎప్పుడని ఒక్క మాటే అడుగుతుంది. నిన్నా చేసింది. ఇంకా రాలేదమ్మా, అడుగుతూనే ఉన్నాను అన్నాను.

"సరే. మళ్ళా సేస్తాను" అని పెట్టేసింది.